పుంజు లేని గుడ్డులో పిల్ల ఉంటుందా?

గర్భిణులు పరీక్షలకు వచ్చినప్పుడు రక్తం రిపోర్టు చూసి, "గుడ్డు తింటున్నావా అమ్మా? అంగన్‌వాడీలో ఇస్తున్నారు కదా!" అని అడుగుతాము. తరచుగా వచ్చే జవాబులు రెండు. "లోపల పిల్ల ఉంటుందేమోనని తినబుద్ధి కాదండి." "ఇంట్లో నాటు గుడ్లున్నాయి గాని మా అత్తమ్మ పొదగెయ్యడానికి దాచిందండి." కోడి గుడ్డు ఎలా పెడుతుందో తెలిస్తే ఈ రెండు చిక్కులూ తీరతాయి.

గుడ్డు పెట్టడానికి పెట్టకు పుంజుతో పని లేదు. కోడిని కోసినప్పుడు మీరు చూసే ఉంటారు, లోపల ద్రాక్షగుత్తిలాగా చిన్నా పెద్దా సొనలు ఉంటాయి. బాగా ఎదిగిన సొన ఒకటి విడివడి గొట్టంలోకి జారుతుంది. దాని చుట్టూ తెల్లసొన, ఆపైన పలుచని పొర, చివరకు పెంకు ఏర్పడతాయి. మొత్తం సుమారు 25 గంటలు. ఇందులో 20 గంటల దాకా పెంకుకే పడుతుంది. అందుకే పెట్టే వేళ రోజురోజుకూ కాస్త ఆలస్యమై, మధ్యలో ఒక రోజు మానేస్తుంది.

పుంజు కలిసినప్పుడే ఆ సొనలో పిల్లకు బీజం పడుతుంది. అదీ పెంకు కట్టకముందే. ఒకసారి కలిస్తే సుమారు రెండు వారాల వరకు ఆ ప్రభావం ఉంటుంది. పుంజును అమ్మేసిన వారానికి పెట్టిన గుడ్డు కూడా పిల్ల కావచ్చు. గుడ్ల ఫారాలలో మాత్రం పుంజులను ఉంచరు. కాబట్టి అంగన్‌వాడీలో ఇచ్చే ఫారం గుడ్డును ఎన్నాళ్లు పొదిగినా మురుగుతుందే తప్ప పిల్ల కాదు. ఒక్కోసారి సొన మీద ఎర్రని చుక్క కనబడుతుంది. అది సొన విడివడేటప్పుడు చిట్లిన సన్నని రక్తనాళం. ఆ చుక్క తీసేసి వండుకోవచ్చు.

ఇక నాటు గుడ్డు. పిల్ల కావాలంటే తల్లి కోడి కింద సుమారు 37.5 డిగ్రీల వెచ్చదనం 21 రోజులు అందాలి. చల్లగా ఉన్న గుడ్డులో ఎదుగుదల ఆగి ఉంటుంది. చిక్కల్లా మన ఎండలతోనే! మిరప కల్లాల కాలం దాటి ఏప్రిల్, మే వచ్చేసరికి రేకుల ఇంట్లో బుట్టలోని గుడ్డు కోడి ఎక్కకుండానే ఎదగడం మొదలుపెట్టి, సగంలో చచ్చిపోతుంది. పగలగొడితే ఎర్రని వలయం కనిపిస్తుంది. అలాంటిది తినకండి. గుడ్లను రోజూ ఏరి, తడి ఇసుక పోసిన కుండలో ఇసుక మీద గిన్నె పెట్టి అందులో ఉంచండి.

పొదగేసే గుడ్డు వారం కంటే పాతది కారాదు. ఎండాకాలంలో మూడు నాలుగు రోజులే. పక్షం రోజులు దాచిన గుడ్లన్నీ వేసి, సగం మురిగాయని కోడిని తిట్టుకుంటాము! నాటు పెట్ట ఒక విడతకు 12 నుండి 15 గుడ్లు పెట్టి పొదుగుకు వస్తుంది. మొదట పెట్టినవి ఎప్పటికప్పుడు కోడలికి, పిల్లలకు వండి పెట్టండి. చివర పెట్టిన తాజావే పొదగెయ్యండి. అత్తమ్మకు పిల్లలూ దక్కుతాయి, కోడలికి గుడ్డూ దక్కుతుంది. ఏడో రోజు రాత్రి గుడ్డు వెనుక టార్చిలైటు పెట్టి చూడండి. సాలీడు కాళ్లలాంటి ఎర్రని నరాలు కనబడితే పిల్ల ఎదుగుతున్నట్లు. ఏమీ లేక తేటగా ఉంటే అది పిల్ల కాదు, తీసి పారెయ్యండి.

గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అయితే రక్తహీనతకు గుడ్డు ఒక్కటే చాలదు. ఐరన్ మాత్రలు మానకూడదు.

మరొక మాట. పెద్దమనిషి అయిన పిల్లకు పచ్చి గుడ్డు తాగించే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. పచ్చి గుడ్డు వలన వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. పైగా 2025లో మన రాష్ట్రంలో కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకింది. ఆ మార్చిలో పల్నాడుకు చెందిన ఒక పసిబిడ్డ ఆ జబ్బుతోనే మరణించింది. జబ్బుపడిన కోడి పెట్టిన గుడ్డు వాడకండి. మంచి గుడ్డునైనా తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడే దాకా ఉడికించి పెట్టండి.