స్టార్టవుతుంది, నిలబడదు: రంపం మిషన్ రిపేరులో ఉపాధి

పాత రంపం మిషన్ కొన్నవాళ్లు మెకానిక్ దగ్గరికి తెచ్చే ఫిర్యాదు ఎక్కువగా ఒకటే. "తాడు లాగితే స్టార్టవుతుంది, కానీ నిలబడదు." హైదరాబాద్ పాతబస్తీ గల్లీల్లో అయితే "చాలూ హోరా, ఫిర్ బంద్ హోజారా" అంటారు. అసలు స్టార్టే కాని మిషన్‌లో లోపం సాధారణంగా ఎక్కడో ఒకచోట సూటిగా ఉంటుంది. స్టార్టయి ఆగిపోయేదాంట్లో మాత్రం అన్నీ సగం సగం పనిచేస్తుంటాయి. అందుకే ఈ ఒక్క జబ్బును పట్టుకోగలిగినవాడికి చిన్న ఇంజిన్ల పని వచ్చినట్టే లెక్క. పదో తరగతి పాసయ్యో, ఇంటర్ దగ్గర చదువు ఆపేసో చేతిపని వెతుక్కుంటున్నవాళ్లు ఈ పనిని ఒకసారి గట్టిగా ఆలోచించాలి.

హైదరాబాద్‌లో రంపం మిషన్‌తో పనేముంటుంది అనుకోకండి. ఏప్రిల్, మే గాలిదుమారాలకు చెట్లు రోడ్డుకు అడ్డంగా పడితే ముందు వచ్చేది విపత్తు సహాయక దళం, అంటే డీఆర్‌ఎఫ్ బృందం. 2024 జులైలో విపత్తుల నిర్వహణ, ప్రభుత్వ ఆస్తుల రక్షణ చూసే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక ఆ బృందాలు దాని కిందికి వచ్చాయి. వాళ్ల చేతిలో ఉండేది ఈ మిషనే. కరెంటు తీగల మీదికి వాలిన కొమ్మలు నరికే కాంట్రాక్టర్లు, కట్టెల డిపోలు, ఫామ్‌హౌస్‌లు, తోటల పని పట్టే సంస్థలు, అందరికీ ఇది కావాలి. ఇంకో సంగతి. గడ్డి కోసే బ్రష్‌కట్టర్, మందు కొట్టే పవర్ స్ప్రేయర్, గుంతలు తవ్వే ఆగర్, వీటిలో ఎక్కువ భాగం నడిచేది ఇలాంటి టూ స్ట్రోక్ ఇంజిన్‌తోనే. రంపం మిషన్ నేర్చుకుంటే చేవెళ్ల, షాబాద్ వైపు రైతుల మిషన్లు కూడా మీ దగ్గరికి వచ్చే అవకాశం ఉంది.

ఈ విద్య పాతబస్తీకి కొత్తేం కాదు. యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది. ఆ బండ్లను, చేతక్ స్కూటర్లను, లూనాలను చెవితో విని బాగుచేసిన ఉస్తాదులు కొందరు ఇంకా పని చేస్తున్నారు. ప్లగ్గు రంగు చూసి ఇంజిన్ లోపలి సంగతి చెప్పే తరం అది. కాలుష్య నిబంధనలు బిగిశాక టూ స్ట్రోక్ బండ్లు రోడ్డు మీద తగ్గాయి. వాళ్ల తర్వాత నేర్చుకున్న కుర్రాళ్లు ఫోర్ స్ట్రోక్ మీద, ఇంజెక్షన్ బండ్ల మీద చేయి తిప్పారు. దాంతో టూ స్ట్రోక్ తెలిసిన చేతులు తగ్గిపోయాయి, మిషన్లు మాత్రం పెరిగాయి. అలాంటి ఉస్తాద్ మీ గల్లీలో ఉంటే ఆయన షెడ్డు ముందు నిలబడటానికి మొహమాటపడకండి. ఆయనకు తెలిసింది ఏ పుస్తకంలోనూ అంత వివరంగా దొరకదు.

ఇక పని సంగతికి వద్దాం. మిషన్ చేతికి రాగానే స్క్రూడ్రైవర్ అందుకోవడం కొత్తవాళ్ల అలవాటు. ముందు అడగాల్సింది ఒక ప్రశ్న: ఎప్పుడు ఆగుతోంది? ఐడిల్‌లో ఆగుతోందా, రేస్ ఇవ్వగానే ఆగుతోందా, ఫుల్ రేస్‌లో కట్టె కోస్తుండగా ఆగుతోందా, వేడెక్కాక ఆగుతోందా, పక్కకు వంచితే ఆగుతోందా? దీనికి కస్టమర్ సరిగ్గా జవాబు చెప్పగలిగితే వెతుకులాట సగం తగ్గినట్టే. చెప్పలేకపోతే మీరే నడిపి చూడాలి.

అయిదారు నిమిషాలు బాగా నడిచి ఆగిపోయి, కాసేపు ఊరుకుంటే మళ్లీ స్టార్టయ్యే మిషన్‌ను తీసుకోండి. ఆగిన వెంటనే పెట్రోల్ ట్యాంకు మూత మెల్లగా వదులు చేయండి. 'స్‌స్' మని గాలి లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత ఇంజిన్ మామూలుగా నడిస్తే దోషం ట్యాంకు వెంట్‌ది. పెట్రోల్ ఖర్చయ్యేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. ఆ సన్నటి దారి రంపపు పొట్టుతో మూసుకుపోతే లోపల వాక్యూమ్ ఏర్పడి పెట్రోల్ పైకి ఎక్కదు. వెంట్ శుభ్రం చేస్తే పని అయిపోయింది. ఇది తెలియక కార్బురేటర్ మొత్తం మార్చేసి డబ్బు తీసుకునే షాపులున్నాయి. కస్టమర్ వారం తర్వాత అదే మిషన్ పట్టుకుని తిరిగొస్తాడు.

మూత వదులు చేసినా మార్పు లేకపోతే, ఆగిన ఆ నిమిషంలోనే, ఇంజిన్ చల్లారకముందే స్పార్క్ చూడాలి. ప్లగ్గు తీసి, లోహానికి ఆనించి, పెట్రోల్‌కూ ప్లగ్గు రంధ్రానికీ దూరంగా పట్టుకుని తాడు లాగండి. చల్లగా ఉన్నప్పుడు నిప్పురవ్వ ఇచ్చి వేడెక్కాక ఇవ్వకపోతే కాయిల్ పోయింది. కొత్త కాయిల్ బిగించేటప్పుడు ఫ్లైవీల్‌కూ దానికీ మధ్య దూరం సుమారు 0.3 మి.మీ. ఉండాలి. మెకానిక్‌లు విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి బిగించేది అందుకే. కాయిల్ కొనేముందు స్టాప్ స్విచ్ వైరు ఒకసారి చూడండి. దాని తొడుగు ఒరుసుకుపోయి బాడీకి తగిలినా ఇంజిన్ ఇలాగే ఆగుతుంది.

ఐడిల్‌లో నడిచి కట్టెకు ఆనించగానే నీరసపడితే పెట్రోల్ చాలడం లేదన్నమాట. ట్యాంకులో పైపు చివర ఉండే చిన్న ఫిల్టర్‌ను వంచిన తీగతో బయటికి లాగి చూడండి. తర్వాత పైపు. పిన్నీసు మొన అంత పగులున్నా పెట్రోల్ బదులు గాలి లాగుతుంది. ఈ మధ్య పైపులు త్వరగా పాడవడానికి ఒక కారణం మన బంకుల పెట్రోలే. 2025 నాటికి దాదాపు అంతటా 20 శాతం ఇథనాల్ కలిసినదే వస్తోంది. పాత రంపాల మాన్యువల్స్ చాలావాటిలో 10 శాతం వరకే అనుమతి ఉంటుంది. ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాత రబ్బరును బిరుసు చేస్తుంది. కార్బురేటర్‌లోని పలచటి డయాఫ్రమ్ కూడా అలాగే గట్టిపడుతుంది. బైకు కార్బురేటర్‌లో ఫ్లోట్ ఉంటుంది, రంపంలో ఉండదు. మిషన్‌ను తలకిందులు చేసినా నడవాలి కాబట్టి ఫ్లోట్ పని డయాఫ్రమ్ చేస్తుంది. దాన్ని వేలితో మీటితే పట్టుగుడ్డలా మెత్తగా ఊగాలి. అట్టముక్కలా చప్పుడు చేస్తే మార్చేయండి. డయాఫ్రమ్‌లు, గ్యాస్కెట్లు, నీడిల్ కలిపి కిట్‌గా దొరుకుతాయి. కార్బురేటర్‌లో పెట్రోల్ పంపు వైపు కవరు కింద ఒక జల్లెడ ముక్క ఉంటుంది, చిన్న చీమ తల పట్టేంత రంధ్రాలు కూడా ఉండవు దానికి. ఎక్కువమంది మరిచిపోయేది అదే.

సైలెన్సర్ వైపూ ఓ కన్నేయండి. నూనె ఎక్కువ కలిపి నడిపిన మిషన్లలో నిప్పురవ్వలు ఆపే జాలీకి కార్బన్ పట్టి పొగ బయటికి పోదు. స్టార్టవుతుంది కానీ రేస్ ఎక్కదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది గాలి లీకు విషయంలో. ఐడిల్ దానంతటదే పైకెక్కుతూ దిగుతూ, స్క్రూలు ఎంత తిప్పినా ఒకచోట కుదరకపోతే కార్బురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య రబ్బరు చీలిందేమో, క్రాంక్ సీల్ కారుతోందేమో చూడండి. ఇలాంటి మిషన్‌ను "పర్లేదు, నడుస్తోందిగా" అని ఇచ్చేయడం తప్పు. టూ స్ట్రోక్‌లో ఇంజిన్‌కు నూనె అందేది పెట్రోల్‌తోనే. గాలి ఎక్కువైతే పెట్రోల్ తగ్గుతుంది, దాంతో నూనె కూడా తగ్గి పిస్టన్ గీరుకుపోతుంది. ఆ నష్టం కస్టమర్ నెత్తిన పడుతుంది.

ఇవన్నీ సరి చేశాకే ట్యూనింగ్. కార్బురేటర్ మీది హెచ్ (హై), ఎల్ (లో) స్క్రూలను నొక్కకుండా మెల్లగా చివరిదాకా బిగించి, ఒక్కో చుట్టు వెనక్కి తిప్పడం సాధారణంగా మొదలుపెట్టే చోటు. మాన్యువల్‌లో వేరే లెక్క ఉంటే అదే పాటించండి. ఐడిల్‌లో చైన్ కదలకూడదు, ఇందులో రాజీ లేదు. బార్, చైన్, క్లచ్ కవరు సరిగ్గా బిగించకుండా ఇంజిన్ నడపకండి. చుట్టూ గోడలున్న చిన్న షాపులో ఇంజిన్ నడపకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. మిషన్ శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. చెవులకు రక్షణ లేకుండా ఏళ్ల తరబడి పని చేస్తే, ఈ వృత్తికి ఏ చెవులు కావాలో అవే పోతాయి.

నేర్చుకోవడానికి మొదటి మిషన్ ఎక్కడ దొరుకుతుంది? పురానాపూల్ వైపు గురువారం జరిగే జుమ్మెరాత్ బజార్‌లో పాత సామాను మధ్య ఇలాంటివి వెతుక్కోవచ్చు. సీరియల్ నంబరు గీకేసిన మిషన్ జోలికి వెళ్లొద్దు, దొంగసొత్తు అయ్యే ప్రమాదం ఉంది. కొనేముందు స్టార్టర్ తాడు పట్టుకుని మిషన్‌ను గాల్లో వేలాడదీయండి. ఆగి ఆగి కిందికి దిగితే కంప్రెషన్ ఉంది, జర్రున జారితే లేదు. వీలైతే సైలెన్సర్ విప్పించి పిస్టన్ చూడండి. నిలువు గీతలు పడి ఉంటే వదిలేయండి. తర్వాత కంప్రెషన్ గేజ్ కొనుక్కుంటే 120 పీఎస్‌ఐ దాటినదాన్ని ధైర్యంగా పట్టొచ్చు. పెట్రోల్‌లో టూ స్ట్రోక్ ఆయిల్ మంచిదైతే సాధారణంగా లీటరుకు 20 మి.లీ., చౌక మిషన్ల మాన్యువల్స్‌లో 40 మి.లీ. దాకా చెప్తారు. కొత్త విడిభాగాలకు సికింద్రాబాద్ రాణిగంజ్ మార్కెట్ ఉంది.

సర్టిఫికెట్ కావాలంటే ఐటీఐలో మెకానిక్ డీజిల్ ఏడాది కోర్సు, పదో తరగతి పాసైతే చాలు. ట్రేడ్ పేరు డీజిలే అయినా కొలతలు, విప్పి బిగించే పద్ధతి, పనిముట్లు వాడే క్రమశిక్షణ అక్కడ కుదురుతాయి. మల్లేపల్లి ప్రభుత్వ ఐటీఐ పాతబస్తీ నుంచి దగ్గరే. డిప్లొమా చేయాలనుకుంటే పాలిసెట్ రాసి కులీ కుతుబ్ షా ప్రభుత్వ పాలిటెక్నిక్‌కు ప్రయత్నించొచ్చు. జంటనగరాల యువత కోసం 1978లో పెట్టిన సెట్విన్ స్వల్పకాలిక కోర్సులు నడుపుతోంది, ఈ ఏడాది ఏవేవి ఉన్నాయో వెళ్లి కనుక్కోండి. ఇప్పటికే షెడ్డులో పని చేస్తున్నవాళ్లు, ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి గురించి అడగండి. షెడ్డు యజమానులకూ ఒక మాట: 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. ఆ వయసు పిల్లాడి స్థానం బడి.

సొంత షాపుకు పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50 వేల రూపాయల దాకా రుణం దొరుకుతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఎవరికీ కమీషన్ ఇవ్వకండి. బ్యాటరీ రంపాలు వస్తున్నాయి, ఇళ్లల్లో చిన్న పనులకు అవే ముందు చేరతాయి. అందుకే మల్టీమీటర్ వాడటం కూడా పక్కన నేర్చుకుంటూ ఉండండి. లావాటి మొద్దులు రోజంతా కోసే చోట మాత్రం పెట్రోల్ ఇంజిన్ అవసరం ఇంకా ఉంది.

బేరం దగ్గర చాలామంది కుర్రాళ్లు నష్టపోతారు. వెంట్ శుభ్రం చేయడానికి పది నిమిషాలే పట్టింది కదా అని డబ్బు అడగడానికి సిగ్గుపడతారు. ముందే చెప్పేయండి: లోపం కనిపెట్టడానికి ఇంత, సామాను మార్చాల్సి వస్తే దాని ధర వేరే, పాత సామాను మీకే తిరిగిస్తాను. మిషన్ తిరిగిచ్చేటప్పుడు కస్టమర్ ఎదుటే నడపండి, వేడెక్కేదాకా నడపండి, అటూ ఇటూ వంచి చూపించండి. ఏ లోపం దొరికిందో బిల్లు మీద రెండు ముక్కలు రాసివ్వండి. డిపో యజమాని రెండో మిషన్ పంపేముందు చూసేది ఆ కాగితమే.