పారిష్ రిజిస్టరు – పామరుని వంశచరిత్ర

విక్టోరియా రాణి వంశవృక్షం గీయకుండా జువాలజీ విద్యార్థి జన్యుశాస్త్రం దాటలేడు. హీమోఫీలియా ఎవరి నుంచి ఎవరికి సంక్రమించిందో గళ్ళూ గుండ్రాలూ గీసి చూపిస్తాం. రాణిగారి సంగతి సరే, ఆ దేశంలోనే పరాయి పొలం దున్ని పొట్ట పోసుకున్న కూలివాడికి వంశవృక్షం గీయగలమా అని రైతుబిడ్డనైన నాకు సందేహం కలిగింది. చదివి చూస్తే, చాలాచోట్ల గీయవచ్చునని తేలింది. అందుకు ముఖ్య ఆధారం పారిష్ రిజిస్టరు.

పారిష్ అంటే ఒక చర్చి, దాని కిందికి వచ్చే పల్లె, చుట్టుపక్కల పాలేలు. ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లో ఒక ఉత్తరువు ఇచ్చాడు. ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు పుస్తకంలో రాయాలన్నాడు. అందరూ వెంటనే రాయలేదు, రాసినవన్నీ మిగలనూ లేదు. 1598 నుంచి ఏటా ఒక నకలు బిషప్పుకు పంపే ఏర్పాటు వచ్చింది. కనుక అసలు పుస్తకం చెమ్మకు పాడైపోయిన చోట ఒక్కొక్కప్పుడు నకలు ఆదుకుంటుంది. 1603 నాటి చర్చి నియమాల ప్రకారం పుస్తకం మూడు తాళాల పెట్టెలో ఉండాలి. ఒక తాళంచెవి పాదిరీ దగ్గర, తక్కిన రెండూ చర్చి పెద్దల దగ్గర!

మా ఇంట్లో ముత్తాత పేరు కనిపించేది శిస్తు రశీదుల్లోనే. భూమి లేనివాడి పేరు అక్కడ పడదు కదా. ఈ రిజిస్టరులోనో, దొరగారి బిడ్డ పేరు కిందనే పాలేరు బిడ్డ పేరూ ఉంటుంది. నన్ను ఆకట్టుకున్నది అదే.

వెతకడం ఎప్పుడూ ఇప్పటి నుంచి వెనక్కి సాగాలి. 1837 జూలై 1 నుంచి జనన మరణాలకు ప్రభుత్వ రిజిస్ట్రేషను ఉంది. 1841 నుంచి జనాభా లెక్కల్లో మనుషుల పేర్లు దొరుకుతాయి. అయితే 1841లో పదిహేనేళ్ళు దాటినవారి వయస్సును ఐదేసి లెక్కన తగ్గించి రాయమన్నారు. ఆ లెక్కన ముప్పై తొమ్మిదేళ్ళవాడు ముప్పై అయిదు అవుతాడు! 1851 లెక్కలో పుట్టిన పారిష్ పేరు ఉంటుంది. అది చేతికి చిక్కితే సగం పని అయినట్టే, ఇక ఆ ఊరి రిజిస్టరు తిరగేయవచ్చు.

అసలు చిక్కులు ఇక్కడే మొదలవుతాయి. రిజిస్టరులో ఉన్నది బాప్తిస్మం తేదీ, పుట్టిన తేదీ కాదు. ఊరంతా జాన్‌లు, విలియమ్‌లు, థామస్‌లే. పసిబిడ్డ చనిపోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టడం మామూలు. కనుక ఖననాల పుట చూడకుండా మొదటి జాన్‌ను పట్టుకుంటే, పాలు మరవకముందే పోయిన పసివాడికి మనవలను అంటగట్టినట్టే! మరో తమాషా ఉంది. 1752కు ముందు అక్కడ సంవత్సరాది మార్చి 25న. 1700 ఏప్రిల్‌లో పెళ్ళి, 1700 జనవరిలో బిడ్డకు బాప్తిస్మం అని కనిపిస్తే ఆ తల్లి మీద అపవాదు వేయకండి. ఆ జనవరి మన లెక్కన 1701 జనవరి. సైన్సు చదివే మిత్రులకు ఇది కొత్త కాదు. ప్రతి లంకెనూ ఒక పరికల్పనగా తీసుకుని, అది తప్పని రుజువు చేయడానికి ప్రయత్నించాలి. అప్పటికీ నిలిస్తేనే గీత గీయాలి.

ఈ పనిని ఒక ఇంటికి కాక ఊరంతటికీ చేసినవాడు రిగ్లీ అనే చరిత్రకారుడు. డెవన్ ప్రాంతంలోని కొలిటన్ పారిష్‌లో రిజిస్టరు 1538 నుంచే ఉంది. అందులోని పేర్లన్నీ విడదీసి, కుటుంబాలవారీగా మళ్ళీ కూర్చి 1966లో ఫలితాలు ప్రకటించాడు. 1560 నుంచి 1646 దాకా అక్కడి ఆడపిల్లలకు మొదటి పెళ్ళి సగటున 27 ఏళ్ళకు జరిగేది. తర్వాత డెబ్భై ఏళ్ళలో అది 30కి చేరువయింది. బాల్యవివాహాల కథలు విని పెరిగిన మనకు ఇది ఆశ్చర్యమే. ఈ రెండు కాలాల నడుమ, 1645–46లో, ప్లేగు వచ్చి ఏడాదిలో నాలుగు వందల మంది దాకా పోయారు. ఖననాల పుటలు అలా నిండిపోయాయన్నమాట.

డెవన్ వీలునామాలు చాలావరకు 1942లో ఎక్సెటర్ మీద జరిగిన బాంబుదాడిలో కాలిపోయాయి. ఆస్తిపరుల వారసులకు అది తీరని లోటే. కూలివాడికి వీలునామా ఎక్కడిది? అతనికి వేరే కాగితం ఉంది. 1662 చట్టం ప్రకారం, బతకలేని బీదవాణ్ణి అతని సొంత పారిష్‌కే తోలేయవచ్చు. ఏది సొంత పారిష్ అని తేల్చడానికి మేజిస్ట్రేట్లు అతన్నే విచారించేవారు. ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర ఏడాది పాటు జీతానికి ఉన్నావు, ఎంత కూలి ఇచ్చారు, ఎప్పుడు పెళ్ళి చేసుకున్నావు అని అడిగి అంతా రాయించేవారు. తిండి పెట్టే భారం తప్పించుకోవడానికి రాసిన ఆ కాగితాల్లోనే అతని బతుకు వరుసగా దొరుకుతుంది. సంతకం రానివాడైతే అడుగున ఇంటూ గుర్తు ఒకటి, పక్కన గుమాస్తా రాసిన అతని పేరు.