రేవు దగ్గర ఒక పూట

కశింకోట,
కార్తీక పౌర్ణమి

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన పట్టిక చూశాను. కశింకోట నుంచి అంతర్వేదికి సైకిల్ మీద రోజుకి వంద కిలోమీటర్లు, మూడో రోజు మధ్యాహ్నానికి సముద్రస్నానం, అయిదో రోజు రాత్రికి తిరిగొచ్చి ఇంట్లో అన్నం. ఇది బాగా జరిగితే వచ్చే ఏడు బాలీ దీవి చుట్టూ తిరుగుతానన్నావు. మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మాటైతే వింటుంది, వద్దని చెప్పన్నయ్యా" అంది. వద్దనే మొహం నాకెక్కడిది? ఇరవయ్యొకటో ఏట అదే దారిన, మా నాన్న సైకిల్ అడక్కుండా తీసుకుపోయినవాణ్ణి. అందుకని వెళ్లొద్దని రాయడం లేదు. ఆ పట్టిక మాత్రం చింపేయి.

అందులో కిలోమీటర్లకి గడి ఉంది, లాడ్జికి ఉంది, టిఫినుకి కూడా ఉంది. ఏటికి లేదు. నువ్వు బాలీ అంటున్నావు గాని, కోనసీమా దీవే. అటు గౌతమి, ఇటు వసిష్ఠ, కింద సముద్రం, మధ్యలో వైనతేయ మళ్లీ రెండు ముక్కలు చేస్తుంది. అలాంటి నేల మీద రోజు ఎంత సాగుతుందో నీ కాళ్లు చెప్పవు, నీళ్లు చెబుతాయి. ఈ సంగతి నేను చాలా అవమానంగా నేర్చుకున్నాను.

1978 ఫిబ్రవరి. దివిసీమ ఉప్పెన వచ్చి మూడు నెలలే అయింది, సముద్రం పేరెత్తితే మా అమ్మ ఏడ్చేది. నేనూ మా నేస్తుడొకడూ భీష్మ ఏకాదశికి అంతర్వేది రథం చూడాలని బయల్దేరాం. యానాం రేవుకి చేరేసరికి పొద్దు గుంకింది. అప్పట్లో అక్కడ వంతెన లేదు, బాలయోగి పేరున్న వంతెన 2002లో గాని రాలేదు. ఆఖరి పంటు వెళ్లిపోయింది. రేవులో ఒక ముసలి పడవతను వల చిక్కు తీసుకుంటున్నాడు. దాటించమన్నాం. "ఇప్పుడు కాదండి బాబూ. పాటు తీసేసిందండి. పోటొచ్చేదాకా ఆగాలండి," అన్నాడు. అన్ని 'అండి'లు మన అనకాపల్లి బజారులో నెలకి కూడా వినం కదా, ఆ మర్యాద చూసి లొంగుతాడనుకున్నాం. అతను లొంగలేదు. పక్కనున్న కుర్రాడొకడు రెండింతల డబ్బుకి ఒప్పుకున్నాడు. సైకిళ్లు పడవకి అడ్డంగా పడుకోబెట్టి ఎక్కాం. సగం ఏరు దాటామో లేదో, అడుగున బియ్యం చెరిగినట్టు గరగరమని చప్పుడై పడవ ఆగిపోయింది. గెడ వేస్తే మోకాలి లోతు. గోదావరి నట్టనడుమ ఇసుక మేట మీద, రెండు సైకిళ్లతో, చలిలో అర్ధరాత్రి దాకా కూర్చున్నాం. పోటు రావడం కంటికి కనబడదే బుజ్జీ. ముందు పడవ కొంచెం మెత్తబడ్డట్టు అనిపించింది. తర్వాత నా సైకిల్ పెడల్ దానంతటదే అర చుట్టు తిరిగింది. అప్పుడు తెలిసింది, లేచామని. ఒడ్డుకొచ్చేసరికి ఆ ముసలాయన ఇవతలి రేవులోనే దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడుట, మర్నాడు మొదటి పోటుకి హాయిగా దాటొచ్చి మాకు నమస్కారం పెట్టాడు. మేం అవతల దొరికిన చుట్టుగుడిసెలో వణుక్కుంటూ ఉన్నాం.

ఇప్పుడు వంతెనలున్నాయి, నిజమే. యానాం దగ్గర గౌతమి మీద ఉంది, బోడసకుర్రు దగ్గర వైనతేయ మీద ఉంది, చించినాడ దగ్గర వసిష్ఠ మీద ఉంది. అయినా సముద్రం అంచు పట్టుకుని పోవాలన్నావు కనక చెబుతున్నాను, వంతెనలన్నీ లోపలికి ఉంటాయి. ఓడలరేవు దాకా వెళ్లావంటే ఎదర నీళ్లే. వెనక్కి తిరిగి మళ్లీ పైకి రావాలి. మ్యాపులో గీత అరంగుళం, తొక్కితే సగం రోజు.

ఎన్నాళ్లు పడుతుందని అడుగు మరి. ఆ లెక్క మనకంటే ముందే ఎవరో వేసి పెట్టారు. సప్తసాగర యాత్ర అని మీ అమ్మమ్మ చెప్పేది గుర్తుందా? పుష్యమాసం అమావాస్యనాడు కాకినాడ పక్కన చొల్లంగిలో మొదటి స్నానం. దాన్నే చొల్లంగి అమావాస్య అంటారు. అక్కణ్ణుంచి గోదావరి ఒక్కో పాయ సముద్రంలో కలిసే చోటల్లా మునుగుతూ, భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరడం. ఏడు పాయలు, పదకొండు రోజులు. నీ పట్టికలో అదే దూరం ఒకటిన్నర రోజు! ఆ ఏడింటిలో తుల్యభాగ ఇప్పుడు డ్రెయిను పేరుగా మిగిలింది, చూస్తే బాధపడతావు. కాని ఆ తిథులు పెట్టినవాళ్ల తెలివి చూడు. తుపాన్లు వెళ్లిపోయాయి, కోతలైపోయాయి, వరద తగ్గింది, ఎండ ఇంకా ముదరలేదు. గాలి ఈశాన్యం నుంచి వీస్తుంటుంది, అంటే ఇటునుంచి అటు పోయేవాళ్లకి వీపు మీద చెయ్యేసి నెట్టినట్టే. అదే గాలికి ఎదురు తొక్కుతూ రెండున్నర రోజుల్లో ఇంటికొస్తానని రాశావు నువ్వు! నరసాపురంలో రైలెక్కు. సైకిల్‌ని బ్రేక్ వ్యానులో లగేజీగా బుక్ చెయ్యి, నిడదవోలు మీదుగా అనకాపల్లి వచ్చి దిగు. సిగ్గేమీ లేదు. మేమూ అలాగే వచ్చాం.

కాబట్టి జనవరి ఆఖరో ఫిబ్రవరి మొదలో చూసుకో. వాయిదా పడినా, వచ్చే దీపావళి సెలవుల్లో మాత్రం పెట్టకు. 1996 నవంబరు 6 రాత్రి ఆ తీరాన్ని కొట్టిన తుపానులో భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్లినవాళ్లు ఎంతమంది తిరిగి రాలేదో అక్కడివాళ్లనడుగు. కొబ్బరిచెట్లు లక్షల్లో పడిపోయాయి. ఈనాడు నువ్వు ఫోటో తీసే తోటల్లో చాలావాటి వయసు ఆ తుపాను తర్వాతిదే.

దారి సంగతి. తుని దాకా అరవై కిలోమీటర్లూ హైవే తప్పదు, అందులో అందం వెతక్కు. తెల్లారి వెలుగొచ్చాక బయల్దేరి, ఎండెక్కకముందే ఎలమంచిలి, నక్కపల్లి దాటెయ్యి. రేవుపోలవరం సముద్రం చూడాలనిపిస్తే చూడు, కాని మళ్లీ హైవేకే రావాలి. తునిలో ఆ రాత్రి ఆగు. తొందరగా పోలేదని బాధపడితే ఒకటి గుర్తు చేసుకో. 1758లో విజయనగరం ఆనంద గజపతి సైన్యం, కల్నల్ ఫోర్డ్ ఇంగ్లీషు సైన్యం మన కశింకోటలోనే కలుసుకుని ఇదే వైపు నడిచాయి. పిఠాపురం దగ్గరి చెందుర్తిలో ఫ్రెంచివాళ్లతో తలపడేసరికి వాళ్లకి వారాలు పట్టింది. మనూరి పేరు చరిత్ర పుస్తకాల్లోకెక్కిన సందర్భం అదొక్కటే అనుకుంటా, పైగా ఆ పుస్తకాల్లో మనూరి పేరు తప్పు రాశారు.

తుని నుంచి తొండంగి మీదుగా కోనపాపపేట, ఉప్పాడ. ఇక్కడ సముద్రం నీ పక్కనే నడుస్తుంది. మరీ పక్కన. ఉప్పాడ దగ్గర అది ఊరిని కొరుక్కు తింటోంది, ఇళ్లు పోయాయి, రోడ్డు వెంట అడ్డుగా వేసిన బండరాళ్ల మీంచి కూడా అల లేచి పడుతుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు ఎక్కువ కనక, దాటేముందు అక్కడి జాలర్లని ఒక్క మాట అడుగు. సైకిల్ మీద ఉప్పునీళ్లు పడితే ఆ రాత్రే మంచినీళ్లతో కడిగి, తుడిచి, గొలుసుకి నూనె పెట్టాలి. మేం తడి ఇసుక మీద సినిమా హీరోల్లా తొక్కాం. మూడో రోజుకి గొలుసు ఎర్రగా తుప్పు పట్టి, పీత నడిచినట్టు కిర్రుకిర్రుమంది.

కాకినాడ దాటాక కోరంగి. మడ అడవి చూడ్డానికి ఒక పూట ఉంచు. ఒకప్పుడు అది పెద్ద ఓడరేవు. 1839 తుపాను తర్వాత మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. ఆ రేవునుంచి ఓడలెక్కి మారిషస్ చెరుకు తోటలకెళ్లిన మనవాళ్లని అక్కడ కోరంగీలనే పిలిచేవారు. దీవి చూడాలని నీకు సరదా, వాళ్లకి దీవి బతుకుతెరువు.

కోనసీమలోకి దిగాక 216 హైవే వదిలేసి కాలవ గట్లు పట్టుకో. చదునైన నేల, నీడ, పక్కన నీళ్లు. బాలీలో కొండలెక్కాలి, ఇక్కడ ఎత్తంటే వంతెనే. సైకిల్ ఎక్కడ ఆనించినా తలెత్తి చూసుకో, కొబ్బరికాయ చెప్పి పడదు. సర్కారు తుమ్మ ముళ్లు టైరులో దిగబడతాయి, కనక ట్యూబులు రెండు, సొల్యూషన్, పంపు నీ దగ్గరే ఉండాలి. ఆ కాలంలో ఎవరైనా పులస కూరని పెడితే నవ్వి ఊరుకో. పులస వరదనీళ్లకి గోదారిలోకి ఎదురీదే చేప, మాఘమాసంలో ఎక్కడిది? సంచిలో మాత్రం మన అనకాపల్లి బెల్లం ముక్కలు, వేయించిన వేరుశనగ గుళ్లు వేసుకో. నీ వెండి కాగితాల చాక్లెట్లకంటే బాగా లాగుతాయి.

ఒక్కదానివే వెళ్లకు. ఇది భయపెట్టడానికి కాదు. పడవెక్కేటప్పుడు ఒకరు సైకిళ్లు పట్టుకోవాలి, ఒకరు బేరమాడాలి. పొద్దు గుంకాక తొక్కొద్దు. అంతర్వేదిలో దేవస్థానం గదులు తీర్థం రోజుల్లో దొరకవు, కాబట్టి రథం చూడాలంటే రాజోలులోనో నరసాపురంలోనో బస చూసుకో. నరసాపురం వైపు దాటడానికి సఖినేటిపల్లి రేవులో పంటు ఆ రోజు తిరుగుతోందో లేదో ముందే కనుక్కో. తిరుగుతుంటే వంతెన మీదికి పోకు, పంటే ఎక్కు. అది ఆలస్యమైతే రేవులో టీ తాగుతూ కూర్చో. ఎవరైనా వల చిక్కు తీసుకుంటుంటే చూడు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. ప్రతి రేవునుంచీ ఒక ఫోన్ చేస్తావని చెప్పేస్తున్నాను, నన్ను అబద్ధాలకోరుని చెయ్యకు. బయల్దేరే ముందు రోజు సాయంత్రానికే ఇక్కడికొచ్చెయ్యి. మొన్న దసరాకి వచ్చినప్పుడు చూశాను, నీ సైకిల్ వెనక బ్రేకు వదులుగా ఉంది, సీటు కూడా అంగుళం కిందికుంది. రెండూ సరిచేశాకే మెయిన్ రోడ్డెక్కనిస్తాను.

ఇట్లు,
మీ మావయ్య