కుంగిన మనసుకు మనం ఏం చేయగలం?

ఒక ఇంటిని ఊహించుకుందాం. ముత్తుకూరు దగ్గర రొయ్యల గుంట సాగుచేసే సోదరుడొకరు. తెల్లమచ్చ వ్యాధి సోకి పంట పోయింది, మేతకు చేసిన అప్పు మిగిలింది. ఇది కొత్త కష్టమేమీ కాదు. 1994-95లో ఈ వ్యాధి నెల్లూరు తీరాన ఎందరో రైతుల్ని దెబ్బతీసింది. పంట పోయిన వారం ఆయన దిగులు పడ్డారు, అది సహజమే. కాని నెలలు గడిచినా నిద్ర లేదు, అన్నం సయించదు. గుంట వైపు వెళ్ళరు, మస్జిదుకు రారు, పిల్లల్ని దగ్గరకు తీసుకోరు.

ఇలాంటి మనిషితో మనం సాధారణంగా ఏమంటాం? “ఈమాన్ తగ్గింది, నమాజు సరిగా చదువు, అంతా పోతుంది” అంటాం. మంచి మనసుతోనే అంటాం. కాని ఆయన చెవికి అది మరో నిందలా వినిపిస్తుంది. అప్పటికే తనను తాను తిట్టుకుంటున్న మనిషికి ఆ బరువు కూడా తోడవుతుంది.

దుఃఖం విశ్వాసలోపం కాదు. కొడుకు యూసుఫ్ (అలైహిస్సలాం) ఎడబాటుతో ప్రవక్త యాఖూబ్ (అలైహిస్సలాం) కంటిచూపు పోయేంతగా దుఃఖించారని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. హజ్రత్ ఖదీజా (రజి), అబూ తాలిబ్ మరణించిన ఏడాది ‘దుఃఖ సంవత్సరం’గా చరిత్రలో నిలిచిపోయింది. ఇక దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి రోజంతా వెంటాడుతుంటే, నిద్రా ఆకలీ చెడితే, అది డిప్రెషన్ కావచ్చు. అది జబ్బు. జబ్బుకు వైద్యం చేయించుకోవడం దైవప్రవక్త (సఅసం) బోధించిన మార్గమే.

ఈ వైద్యంలో ఒక పద్ధతి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. అంటే ఆలోచనను, నడవడిని కలిపి సరిదిద్దే చికిత్స. 1960లలో అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ దీన్ని రూపొందించారు. దీని మూలసూత్రం మనకు పరాయిది కాదు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్-బల్ఖీ శరీరానికీ మనసుకూ కలిపి ఒక వైద్యగ్రంథం రాశారు. కారణం తెలిసిన దుఃఖాన్నీ కారణం తెలియని దుఃఖాన్నీ వేరుచేసి చూపారు. మనసు కుదురుగా ఉన్నప్పుడే మంచి ఆలోచనల్ని మందుల్లా దాచుకుని, కష్టకాలంలో వాడుకోవాలన్నారు.

ఇంట్లోవాళ్ళం మనం చేయగలిగింది ఇది:

1. ముందు వినాలి. సలహా తర్వాత. పక్కన కూర్చుని, “భాయ్, మీ మనసులో ఏం తిరుగుతోంది?” అని అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వినాలి.

2. ఆలోచనను పట్టుకోవాలి. “నేను దేనికీ పనికిరాను” అని ఆయన అంటే, ఆ మాటనే కాగితం మీద రాయించాలి. అది ఆలోచనే గాని తీర్పు కాదు.

3. తూకం వేయాలి. వాదించకూడదు, అడగాలి. “ఇంతకుముందు పంటలు తీసింది ఎవరు? పక్క గుంటలకూ జబ్బు వచ్చింది కదా, వాళ్ళంతా పనికిరానివాళ్ళేనా?” చివరకు ఆయన నోటే నిజం రావాలి: “పంట పోయింది, అప్పు ఉంది. కాని నేను పనికిరానివాణ్ణి కాను.” అప్పు నిజమే కాబట్టి, లెక్క ముందేసుకుని ఆయనతో కూర్చోవడం కూడా మన బాధ్యతే.

4. ఒక చిన్న పని మొదలుపెట్టించాలి. ఉత్సాహం వచ్చాక పని చేద్దామంటే అది రాదు. పని చేస్తుంటే మెల్లగా వస్తుంది. ఫజ్ర్ తర్వాత పది నిమిషాలు కలిసి నడవండి. రేపు గుంట గట్టు దాకా వెళ్ళిరండి. అంతే చాలు.

ఇదంతా పెద్ద చదువులవారికే సాధ్యమనుకోకండి. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గరి పల్లెల్లో మామూలు ఆరోగ్య కార్యకర్తలకు ఈ పద్ధతి నేర్పి, కుంగుబాటుతో ఉన్న గర్భిణుల ఇళ్ళకు పంపారు. 2008లో ఫలితాలు వెలువడ్డాయి. ప్రసవమైన ఆరు నెలలకు, ఈ సాయం అందిన తల్లుల్లో 23 శాతం మందిలోనే డిప్రెషన్ మిగిలింది. అందనివారిలో అది 53 శాతం. అయితే ఆ కార్యకర్తలు శిక్షణ పొందినవారు. ఇంటి ఆసరా వైద్యానికి తోడే గాని బదులు కాదు. డాక్టరు మందులిస్తే మధ్యలో మాన్పించకూడదు.

ఒక మాట మరువకండి. “నేను లేకపోతేనే మీకు మేలు” అన్న మాట వినబడితే తేలిగ్గా తీసుకోవద్దు. చనిపోవాలనిపిస్తోందా అని మెత్తగా, సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. హరామ్ అంటూ గద్దించకండి. ఒంటరిగా వదలకండి. పురుగుమందులు అందకుండా చేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మన ఇంట్లో, మన వీధిలో మౌనంగా మారిపోయిన మనిషి ఎవరైనా ఉన్నారా? ఈరోజు వారి తలుపు తడదాం. కుంగిన ప్రతి హృదయానికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.