కంప్యూటరు ఎక్కడ ఆగుతోంది?

పెళ్ళివారింట్లో వంటలు మీరు చూసే ఉంటారు. గాడిపొయ్యి మీద ఒక్క గుండిగ ఉడుకుతూంటుంది. పక్కన నలుగురు కత్తిపీటలతో కూరలు తరుగుతూంటారు. వంట ఆలస్యమవుతోందని ఇంటాయన కంగారుపడి, మరో నలుగుర్ని కూరలు తరగడానికి పెట్టాడనుకోండి. వంట త్వరగా అవుతుందా? అవదు. తరిగిన ముక్కలు గుట్ట పడతాయి, అంతే! ఆలస్యం పొయ్యి దగ్గర ఉంది, కత్తిపీటల దగ్గర కాదు.

కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారికి కూడా సరిగ్గా ఇలాంటి చిక్కే వస్తుంది.

ప్రోగ్రాము రాయగానే సరిపోదు

మనిషి రాసిన ప్రోగ్రాము మనిషికి తెలిసే మాటల్లో ఉంటుంది. ప్రాసెసరుకు తెలిసేవి అంకెల రూపంలోని ఆదేశాలు మాత్రమే. ఆ మాటల్ని ఈ ఆదేశాలుగా మార్చే ప్రోగ్రామును కంపైలరు అంటారు. తొలి కంపైలర్లలో ఒకదాన్ని 1952లో అమెరికాలో గ్రేస్ హాపర్ రూపొందించారు.

పెద్ద ప్రోగ్రాములో వేలకొద్దీ ఫైళ్ళుంటాయి. కంపైలరు ఒక్కొక్క ఫైలునే మారుస్తుంది. చివరికి లింకరు అనే మరో ప్రోగ్రాము వాటన్నిటినీ ఒకటిగా కలుపుతుంది. ప్రోగ్రామరు ఒక చిన్న తప్పు దిద్దినా, ఫలితం చూడాలంటే ఈ పని పూర్తికావాలి. ఒకసారికి 10 నిమిషాలు పడితే, రోజుకు 12 సార్లకు 2 గంటలు పోయినట్టే! పోయేది కాలం ఒక్కటే కాదు. ఎదురుచూసే లోపల ఆలోచన తెగిపోతుంది. అందుకే వేగమైన కంప్యూటరు కొనాలనిపిస్తుంది. కాని ఏ భాగం కొనాలి?

వంటవాడు, గట్టు, కొట్టుగది

కంప్యూటరులో ప్రాసెసరు వంటవాడి వంటిది. మెమొరీ అతని పక్కనున్న గట్టు. కావలసినవన్నీ చేతికందేటట్టు ఉంటాయి. డిస్కు దూరాన ఉన్న కొట్టుగది. అక్కడ చోటు ఎక్కువే, కాని వెళ్ళి తేవాలి.

ఎంత దూరం? మెమొరీ నుంచి ఒక అంకె తేవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. డిస్కు సంగతి చూడండి. తిరిగే పళ్ళెం గల డిస్కు నిమిషానికి 7,200 చుట్లు, అంటే సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. కావలసిన చోటు చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు పడుతుంది. అది సుమారు 4 మిల్లీసెకన్లు. ముల్లు జరగడానికి పట్టే కాలం కూడా కలిపితే దాదాపు 10 మిల్లీసెకన్లు. ఇది మెమొరీ కాలానికి లక్ష రెట్లు! గట్టు మీది ఉప్పు అందుకోవడానికి 1 సెకను పడితే, కొట్టుగదికి వెళ్ళి రావడానికి ఒక రోజుకు పైగా పట్టినట్టు.

10,000 చిన్న ఫైళ్ళను ఇలా చదివితే 100 సెకన్లు ఎదురుచూడడానికే సరి. తిరిగే భాగాలు లేని ఎస్.ఎస్.డి. డిస్కులో ఫైలుకు సుమారు 0.1 మిల్లీసెకను చొప్పున 1 సెకను చాలు.

మెమొరీ చాలకపోతే మరో ప్రమాదం ఉంది. గట్టు నిండితే సామాన్లు మాటిమాటికీ కొట్టుగదికి చేర్చి, మళ్ళీ తెచ్చుకోవాలి. మెమొరీ ధారాళంగా ఉంటే, ఒకసారి చదివిన ఫైళ్ళు మిగిలిన చోటులో అలాగే నిలిచి ఉంటాయి; రెండోసారి డిస్కు దాకా పోనక్కరలేదు.

ఎందరు వంటవాళ్ళు కావాలి?

ఇప్పటి ప్రాసెసరులో కోర్లు అనే అనేక గణన భాగాలుంటాయి. నలుగురు వంటవాళ్ళున్నట్టు, 4 కోర్లు నాలుగు ఫైళ్ళను ఒకేసారి కంపైలు చేయగలవు. అయితే లింకరు పని ముక్కలు చేసి పంచడం కష్టం.

ఒక ప్రోగ్రాము తయారీకి ఒక్క కోరుతో 20 నిమిషాలు పడుతుందనుకుందాం. అందులో 16 నిమిషాల పని పంచుకోదగింది, 4 నిమిషాలది పంచుకోరానిది. 4 కోర్లుంటే 4 + 4 = 8 నిమిషాలు. 8 కోర్లుంటే 6, 16 కోర్లుంటే 5, 32 కోర్లుంటే నాలుగున్నర నిమిషాలు. 16 నుంచి 32కు పోతే ఖర్చు బాగా పెరుగుతుంది, కలిసొచ్చేది అర నిమిషమే! వెయ్యి కోర్లు పెట్టినా 4 నిమిషాల కిందికి దిగదు. ఈ సంగతిని 1967లో జీన్ ఆమ్డాల్ అనే కంప్యూటరు నిపుణుడు ఎత్తిచూపాడు. దీన్నే ఆమ్డాల్ సూత్రం అంటారు.

మరి ఎక్కువ కోర్లు దండగా? కాదు. 1991లో లైనక్స్‌ను ప్రారంభించిన లైనస్ టోర్వాల్డ్స్, 2020లో 32 కోర్ల ప్రాసెసరు ఉన్న కంప్యూటరుకు మారాడు. అంతకుముందుకన్న తన పరీక్షా కంపైళ్ళు మూడు రెట్లు త్వరగా అవుతున్నాయని చెప్పాడు. లైనక్స్‌లో విడివిడిగా కంపైలు చేయదగిన ఫైళ్ళు వేలకొద్దీ ఉన్నాయి. అతని పనికి ఆ పనిముట్టు తగింది.

నాడి చూసి మందు

వైద్యుడు నాడి చూడకుండా మందివ్వడు. కంప్యూటరుకూ అంతే. కంపైలు జరుగుతున్నప్పుడు, విండోస్‌లో టాస్క్ మేనేజరు, లైనక్స్‌లో టాప్ వంటి ప్రోగ్రాములు తెరచి చూడాలి.

కోర్లన్నీ పూర్తిగా పనిలో ఉంటే, మరిన్ని కోర్లు సాయపడతాయి. ఒక్క కోరే పనిచేస్తూ తక్కినవి ఖాళీగా ఉంటే, ఒక్కొక్క కోరు వేగంగా ఉన్న ప్రాసెసరు కావాలి. మెమొరీ నిండిపోయి డిస్కు తెరపి లేకుండా ఉంటే, మెమొరీ పెంచాలి. మెమొరీలో చోటుండీ, ప్రాసెసరు ఖాళీగా ఉండీ, డిస్కు ఒక్కటే సతమతమవుతూంటే, ఎస్.ఎస్.డి. కొనాలి.

పైసా ఖర్చులేని ఉపాయం కూడా ఒకటుంది. 1976లో బెల్ ప్రయోగశాలలో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ అనే ప్రోగ్రాము రాశాడు. అది ఫైళ్ళ తేదీలు, వేళలు పోల్చి, మారిన ఫైళ్ళనూ, వాటి మీద ఆధారపడ్డ ఫైళ్ళనూ మాత్రమే మళ్ళీ కంపైలు చేయిస్తుంది. చేయనక్కరలేని పనిని మానడం కన్న వేగం ఏముంటుంది?

మీరే లెక్క కట్టండి

ఒక కంపైలుకు 10 నిమిషాలు పడుతోంది. అందులో డిస్కు కోసం ఎదురుచూపు 7 నిమిషాలు, ప్రాసెసరు పని 3 నిమిషాలు. రెండు రెట్లు వేగమైన ప్రాసెసరు కొంటే మంచిదా, పది రెట్లు వేగమైన డిస్కు కొంటే మంచిదా?

జవాబు: ప్రాసెసరు కొంటే ఎనిమిదిన్నర నిమిషాలు, డిస్కు కొంటే 3 నిమిషాల 42 సెకన్లు.