తెల్లగా మెరిసే కనుపాప

చి. భవానికి,

విజన్ సెంటర్‌లో చేరావని మీ అమ్మ చెప్పింది. అద్దాల నంబర్లు రాయడం నెలలో చేతికొచ్చేస్తుంది. కంటి ఆపరేషన్ థియేటర్లో ముసలిదాన్నయ్యాను కాబట్టి, ఎవరిని ఊరికే ఇంటికి పంపకూడదో మాత్రం చెప్తాను.

ఫ్లాష్ ఫొటోలో పాప ఒక కనుపాప ఎర్రగా, రెండోది తెల్లగా పడిందని ఎవరైనా ఫోన్ చూపిస్తే నవ్వి ఊరుకోకు. ఊళ్లో పువ్వు వేసిందంటారు, పసరు పోయిస్తారు. పుట్టు శుక్లం కావచ్చు. రెటినోబ్లాస్టోమా కూడా అచ్చం అలాగే ఉంటుంది. ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకే వచ్చే రెటీనా క్యాన్సర్ అది, 15 నుంచి 20 వేల కాన్పులకు ఒకరికి. మెల్లకన్నుతోనూ మొదలవుతుంది. మెల్లకన్ను అదృష్టమని నాయనమ్మలు మురుస్తారు చూడు, నెలలన్నీ అక్కడే పోతాయి.

వేరేచోట గడ్డైతే ముక్క తీసి పరీక్షిస్తారు. ఈ కంట్లో మాత్రం సూది గుచ్చరు, ఆ దారినే కణాలు బయటికి పాకే ప్రమాదం ఉంది. చుక్కలు వేసి చూసి, స్కాన్ తీసి తేలుస్తారు. జబ్బు కన్ను దాటకముందే వస్తే బిడ్డ దాదాపు ప్రతిసారీ బతుకుతుంది. కీమో, లేజర్‌లతో చాలాసార్లు కన్నూ దక్కుతుంది. లోపలే ముదిరిపోతే కన్ను తీసేయాల్సిందే. ఆ మాట వినగానే బిడ్డనెత్తుకుని వెళ్లిపోయి, కన్ను బయటికి ఉబికాక తిరిగొచ్చినవాళ్లను చూశాను. అలా భయపడేవాళ్లకు కృత్రిమ కన్ను ఒకటి చేతిలో పెట్టి చూపించు. తెల్లగుడ్డు మీద సన్నటి ఎర్రపోగులు అంటించి రక్తనాళాలు తెప్పిస్తారు, పక్కింటివాళ్లు కూడా పోల్చుకోలేరు.

రెండు కళ్లకూ వచ్చిందంటే ఆర్‌బి1 జన్యువులో లోపం పుట్టుకతోనే ఉన్నట్టు. రేపు ఆ బిడ్డకు పుట్టే ఒక్కొక్కరికీ ఆ లోపం అందే అవకాశం సగానికి సగం. చెల్లెళ్లనూ తమ్ముళ్లనూ కూడా చూపించమను.

ఇక పెద్దవాళ్లు. నీ పుస్తకంలో మొదట మెలనోమా అనే క్యాన్సర్ ఉంటుంది. అది తెల్లవాళ్లలో ఎక్కువ, మన దగ్గర అరుదు. మనవాళ్లలో నువ్వు చూడాల్సింది రెప్ప. కురుపని కోయించుకున్న చోటే మళ్లీ మళ్లీ వస్తోందని అరవై దాటినావిడ వస్తే, అక్కడ వెంట్రుకలు రాలాయేమో చూడు. కోసిన ముక్కను పరీక్షకు పంపారా అని అడుగు. రెప్పలోని నూనె గ్రంథి క్యాన్సర్ అలా కురుపు వేషంలోనే తిరుగుతుంది. ఎండలో బతికే రైతులకు నల్లగుడ్డు అంచున వచ్చే క్యాన్సరైతే కంటి మీద పెరిగే మామూలు కండలాగే ఉంటుంది. అదే కుర్రవాడికి వస్తే హెచ్‌ఐవి పరీక్ష కూడా చేయిస్తారు. రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్నావిడ చూపు మసకైందంటే అద్దాలు మార్చి పంపకు, ఆ జబ్బు కంటికి పాకి ఉండవచ్చు.

హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కంటి క్యాన్సర్‌కు ప్రత్యేక విభాగం ఉంది. అక్కడికి చీటీ రాసిచ్చి వదిలెయ్యకు, ఫోన్ నంబరు తీసుకో. రెండు రోజులాగి వెళ్లారో లేదో నువ్వే కనుక్కో.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
పెద్దమ్మ