మంచముమీది తాత, దారి తప్పిన మనుమడు

వాక్యభాగము: ఆదికాండము 48:1-16

యాకోబు జబ్బుపడగా యోసేపు తన కుమారులిద్దరిని చూపుటకు తెచ్చెను. వారు పసివారు కారు. కరవుకు ముందే పుట్టిరి (41:50). యాకోబు ఐగుప్తులో 17 ఏండ్లు బ్రదికెను (47:28). కనుక ఇంచుమించు ఇరవై యేండ్లవారు; మన పిల్లలవలె పరదేశములో పుట్టినవారు.

1. రోగి లేచెను (2). వారు వచ్చిరని తెలియగానే ఓపిక కూడదీసుకొనెను. మందు చేయని పని మనుష్యుల రాక చేయును.

2. తన బ్రదుకు చెప్పెను (3-7, 15-16). యాకోబు తండ్రిని మోసపుచ్చి యిల్లు విడిచినవాడే. దారి తప్పినవానితో మాటలాడుటకు తప్పి తిరిగివచ్చినవానికంటె తగినవాడెవడు?

3. మన యింట. తిరుత్తణి సీమ 1960లో మద్రాసు రాష్ట్రములో చేరెను. 2006 చట్టము తరువాత బడులలో తమిళము తప్పనిసరి ఆయెను. కనకమ్మ సత్రం ప్రాంతమున పెద్దలలో పలువురికి తెలుగు బైబిలు వచ్చును గాని చూపు ఆనదు. పిల్లలకు చూపున్నది గాని అక్షరములు రావు. పదవ తరగతి తప్పి, ఎవరితోను పలుకక మూల కూర్చున్న పిల్లవానిని గద్దించుటకు ముందు, అవ్వ మంచము ప్రక్కన కూర్చుండనిత్తము. అవ్వ అక్షరము చెప్పును, వాడు చదివి వినిపించును. తాను పనికివచ్చువాడనని వానికి తెలియును. అయితే రోగి సేవ అంతయు వానిపై మోపరాదు. అది పెద్దల బాధ్యత.

ఆలోచించుడి: ఈ వారము మన పిల్లలు ఎవరి మంచము ప్రక్కన కూర్చుందురు? మనమును కూర్చుందుమా?

ప్రార్థన: తండ్రీ, మా యిండ్లలోని ముసలివారిని, చిన్నవారిని ఒకరికొకరిని ఆదరణగా నిలుపుము. ఆమేన్‌.